గెడ పట్టిన చేతులు

శుక్రవారం, నవంబరు 1983
ఉమ్ అల్ క్వైన్

కుదురుగా కూర్చోలేకపోతున్నాను. అరచేతులు ఇంకా మండుతున్నాయి.

సెలవు కదా అని నా గదిలో ఉండే సుశీలా నేనూ పడవెక్కి మడ అడవిలోకి వెళ్లాం. ఈ గల్ఫ్ ఎడారిలో అంత పచ్చదనం ఎక్కడ దాక్కుందో! ఇరుకు పాయల్లో కొంగలు, బురద నిండా పీతలు. ఒక తాబేలు పడవ పక్కనే తలెత్తి చూసి మునిగిపోయింది. అంతా మా కోరంగి వైపు లాగే ఉంది.

ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీసేస్తున్నాయని నాకు ముందే తెలిసింది. చెబితే ఎలా తెలుసంటారని నోరు మూసుకున్నాను. చివరికి పడవ బురదలో కూరుకుపోయింది. "ఖలాస్, సిస్టర్!" అని పడవవాడు చేతులెత్తేశాడు. పొద్దు వాలుతోంది. ఇక ఆగలేక గెడ అందుకుని, వెనక నుంచి నాలుగు పోట్లు పొడిచి పడవను లోతులోకి నెట్టేశాను.

"ఏమే రత్నం, మాస్టారి కూతురివి, గెడ వేయడం ఎక్కడ నేర్చావే?" అంది సుశీల. గెడ పడవవాడి చేతికిచ్చేశాను.

ఆసుపత్రి నర్సుల హాస్టల్‌కి వచ్చిన మొదటి రోజే నాన్న బడిపంతులని చెప్పేశాను. నిజానికి ఆయన చేపలు పడతాడు. ఆయన చెబుతుంటే ఊళ్లో మాస్టారు ఉత్తరం రాసిపెడతారు. ఆ గుండ్రటి అక్షరాలు చూసే సుశీల నన్ను నమ్మింది. అడుగున నాన్న వేసే వేలిముద్రను చింపేశాకే ఉత్తరం ఆమె చేతికిస్తాను.

నిన్న వచ్చిన ఉత్తరం ఒళ్లో ఉంది. వేలిముద్ర ఇంకా చింపలేదు. సుశీల స్నానం చేస్తోంది.

నీళ్ల చప్పుడు ఆగింది.