ఏడో పిచ్చుక

ప్రియమైన మామయ్యకి,

నువ్వు ఫోను ఎత్తవు కదా, అందుకే ఉత్తరం. ఒకప్పుడు నువ్వు బోర్డులు రాసిన మన వీధిలోనే ఆదివారాలు నిధివేట నడక మొదలుపెట్టాను. పొద్దున్నే పదిమంది వస్తారు. ఆనవాళ్లు రాసిన చీటీలిస్తే, వీధి చరిత్ర వింటూ గోడలన్నీ వెతుకుతారు. నువ్వు సంతకానికి బదులు మూలన వేసే పిచ్చుకలే మా నిధి.

మొన్న సన్నగా వాన పడింది. తడిసిన గోడల మీద ఎప్పుడో వెలిసిపోయిన అక్షరాలు మెల్లగా పైకి తేలాయి. గడియారాల కొట్టు, సోడాల కొట్టు, మూసేసిన ఫోటో స్టూడియో... కలలో నడుస్తున్నట్టే ఉంది మామయ్యా. ఆరు పిచ్చుకలు దొరికాయి. ఇంకా ఉన్నాయా? అమ్మనడిగితే "నాకేం తెలుసు, ఆయన్నే అడుగు" అంది. పదిహేనేళ్లలో నీ మాట ఎత్తడం ఇదే మొదలు!

నీ ముద్దుల మేనకోడలు


బంగారుతల్లికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ వీధి మళ్లీ కళ్లముందుకొచ్చింది, టర్పెంటైను వాసనతో సహా.

ఏడోది ఉండేది, మీ అమ్మ కుట్టు దుకాణంలో, లోపలి గోడ మీద. కొట్టు తెరిచే ముందురోజు సరదాగా వేశాను. మర్నాడు తొందరపడి, బయటి బోర్డు రంగు ఆరకముందే తగిలించేశాను. అమ్మ దాని కిందే తన మొదటి బేరం, తెల్ల గౌను, వేలాడదీసింది. ఎర్రరంగు బొట్లుబొట్లుగా కారింది. "నా కొంప ముంచావు, మళ్లీ నా గడప తొక్కకు" అంది. "తడి బోర్డు కింద బట్ట ఎవరు పెట్టమన్నారు?" అన్నాను. తప్పు నాదే. ఒప్పుకుంటే నోటి ముత్యాలు రాలిపోయేవా?

ఆ గోడకి ఏటా సున్నం కొట్టిస్తుందట. పిచ్చుక ఎప్పుడో పోయి ఉంటుంది. ఆరుతో సరిపెట్టుకో. అమ్మ మోకాళ్లెలా ఉన్నాయి? నేనడిగానని చెప్పకు.

మీ మామయ్య


మామయ్యా,

చెప్పేశాను, తిట్టుకో!

ఈ ఆదివారం నడక మన కొట్టు ముందు ముగిసింది. "నిధి ఇంతేనండీ" అంటున్నాను. లోపలి నుంచి అమ్మ "ఇంకోటుంది, రండి" అని పిలిచింది. అందరం కుట్టుమిషన్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డాం. ఇద్దరి సాయంతో అమ్మ నిలువుటద్దం పక్కకు జరిపింది. వెనక అద్దమంత మేర సున్నం తగలని పాత ఆకుపచ్చ గోడ, దాని మీద నీ పిచ్చుక, ముక్కున సూదీ దారం!

సున్నం వేసేవాళ్లు ఏటా అద్దం తియ్యమంటే, పగిలిపోతుందని అమ్మ కసురుకునేది. నేను నిజమే అనుకున్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం పిచ్చుకనే చూస్తూ "ముక్కు దగ్గర రంగు రాలింది, వేసినాయనే వచ్చి దిద్దాలి" అంది. తర్వాత ముక్కు చీదుకుంటూ లోపలికెళ్లిపోయింది.

నీ రాక కోసం ఎదురుచూస్తూ,
మేనకోడలు


తల్లీ,

వచ్చే ఆదివారం నాకూ ఓ చీటీ ఉంచు. సన్న కుంచె, రంగు డబ్బా తెస్తున్నాను. ఈసారి రంగు ఆరేదాకా అక్కణ్ణించి కదలనని మీ అమ్మతో చెప్పు.

మామయ్య