పంపినవారి పేరు

10 సెప్టెంబర్ 2006, ఆదివారం

తమ్ముడు సూరికి ఇవాళ గేమ్ కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. పద్నాలుగు రోజుల్లో రూట్ తీసేయాలట. తీయకపోతే లాయర్ నోటీసు.

నేను సహస్రనామం సగంలో ఉన్నాను. అప్పా, అని ఒక్క కేక వేసి ఊరుకున్నాడు. మావైపు అక్కని అలాగే పిలుస్తాం. ఆఖరి శ్లోకం దాకా చదివి లేచాను. ముప్పై మూడేళ్లవాడు, స్క్రీన్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు అనకాపల్లిలో పలక పగిలిన రోజు కూడా ఇలాగే కూర్చున్నాడు.

విషయం వరసగా రాసుకుంటాను. అది రైలు నడిపే గేమ్. విదేశీ కంపెనీది. అందులో వాళ్ల దేశాల రైళ్లే ఉంటాయి. సూరి మూడేళ్లు కష్టపడి సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా మన లైను అందులో పెట్టాడు. దాన్ని మాడ్ అంటారట. నెట్‌లో అందరికీ ఊరికే ఇచ్చాడు. నాలుగు వేల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఇప్పుడు కంపెనీ తనే ఇండియా రూట్ తయారుచేసి అమ్ముతుందట. ఊరికే దొరుకుతుంటే కొనేదెవరు?

అందులో అనౌన్స్‌మెంట్లు నావి. స్టేషన్ ఎంక్వైరీలో మైకు ముందు పద్దెనిమిదేళ్లు కూర్చున్నాను. కంప్యూటర్ గొంతు వచ్చాక పార్సెల్ ఆఫీసుకి మార్చారు. సూరి అడిగితే మారేడ్‌పల్లి ఇంట్లోనే కిటికీలు మూసుకుని పాత మాటలన్నీ చెప్పాను.

అది తీసేస్తే నా గొంతు ఇక ఎక్కడా ఉండదు. ఈ మాట వాడితో అనలేదు.


12 సెప్టెంబర్, మంగళవారం

కంపెనీ మెయిల్‌ని సూరి నెట్‌లో ఆ గేమ్ ఆడేవాళ్ల ఫోరంలో పెట్టాడు. సాయంత్రానికి రెండు వందల జవాబులు. నేను చిక్కుళ్లు ఒలుస్తుంటే పైకి చదివాడు.

తీయకు అన్నా, మేమున్నాం, అని ఒకడు. కంపెనీ గేమే కొనడం మానేద్దాం అని వైజాగ్ నుంచి ఇంకొకడు. కొనడం మానేదేంటి, నువ్వెప్పుడు కొన్నావు, నీది కాపీ సీడీయే కదా, అని వాడికి మరొకడు. ఇవన్నీ సరే, విజయవాడ లైను ఎప్పుడిస్తావో ముందు అది చెప్పి ఏడవ్వయ్యా, అని ఒకాయన. సూరి నవ్వాడు.

తర్వాత ఒకడు రాశాడు. వీడు కంపెనీతో బేరం పెట్టుకోడానికే ఈ ఏడుపు ఏడుస్తున్నాడు, చూడండి, పది రోజుల్లో అమ్ముడుపోతాడు, అని.

సూరి నవ్వలేదు. కంప్యూటర్ ఆపేశాడు.

ప్రసాదం ఊరికే పెట్టినా ఉప్పు తక్కువైందనేవాళ్లు ఉంటారు.


17 సెప్టెంబర్, ఆదివారం

సైనిక్‌పురి నుంచి లోవ వచ్చింది. నా తర్వాతి చెల్లెలు. దానికి నోటికీ మనసుకీ మధ్య తలుపు లేదు. ఏట్రా, ఇంకా రైలు బొమ్మలేనా, నీ ఈడువాళ్లు ఇళ్లు కట్టి గృహప్రవేశాలు చేస్తన్నారు, నువ్వు స్టేషన్లు కట్టుకో, అంది. కాల్ సెంటర్ ఉద్యోగం వదిలి ఏడు నెలలయింది, మరి పిల్లనెవడిస్తాడు, రైలు ఇంజనుకిచ్చి చేస్తామా, అంది. సూరి పకోడీలు తింటూ, ఇంజనైతే నీలా కూత పెట్టదు చిన్నప్పా, కనీసం సిగ్నల్ చూసి పెడుతుంది, అన్నాడు.

అందరం నవ్వాం. నవ్వు అయ్యాక అది వంటింట్లోకి వచ్చి, అప్పా, వాడి సంగతి ఏటి, అని మెల్లగా అడిగింది. ఇంకో వాయి పకోడీలు వేశాను.


21 సెప్టెంబర్, గురువారం

కంపెనీ మనిషి ఇంటికి వచ్చాడు. విష్ణువర్ధన్ అని, భీమవరం వైపు అబ్బాయి. హైటెక్ సిటీలో వాళ్ల ఆఫీసు ఉందట. గుమ్మం బయటే బూట్లు విప్పాడు. అది నచ్చింది.

అమ్మా, మీ తమ్ముడి రూట్ ఆడుతూ నేను ఒక ఆదివారం భోజనం మానేశానండి, జనగామ ప్లాట్‌ఫారం మీద టీ బండి కూడా ఉందండి, అన్నాడు. మరి తీసేయమని రాసింది ఎవరు బాబూ, అని అడిగాను. నోటీసు ఒక డిపార్ట్‌మెంటు పంపుతుందండి, ఉద్యోగం ఇంకో డిపార్ట్‌మెంటు ఇస్తుందండి, ఒకళ్లనొకళ్లు కాంటీన్‌లో కూడా పలకరించుకోరండి, అన్నాడు.

చెప్పింది ఇది. రూట్ మొత్తం కంపెనీకి రాసివ్వాలి. ఊరికే ఇవ్వడం ఆపాలి. సూరిని వాళ్ల ఇండియా రూట్ టీమ్‌లోకి తీసుకుంటారు. గొంతు నాది గనక నా సంతకం కూడా కావాలి.

సూరి చెవులు ఎర్రబడ్డాయి. సంతోషం వస్తే వాడికి అంతే. నూకాలమ్మ తల్లికి దీపం పెట్టాను.


28 సెప్టెంబర్, గురువారం

కాగితాలు వచ్చాయి. పద్నాలుగు పేజీలు, ఇంగ్లీషు. సూరి చివరి పేజీ తీసి, ఇక్కడ పెట్టు అప్పా, అన్నాడు. చదివి పెడతాను అన్నాను. పార్సెల్ ఆఫీసులో చదవకుండా నేను చిటికెన వేలు కూడా కదపను. పంపినవారి పేరు లేని మూట బుక్ చేయను. వెనక్కి పంపలేనిదాన్ని తీసుకోకూడదు.

ఆరో పేజీలో ఉంది. ఈ పని అంతా సూరి ఒక్కడే చేశాడు, ఇందులో వేరెవరిదీ ఏమీ లేదు, అని. దాని కింద వాడి సంతకం ముందే ఉంది.

స్టేషన్లు దేవకృప గీసింది కదరా, అన్నాను.

ఆ పిల్లది కాజీపేట. స్కూల్లో కంప్యూటర్ చెబుతుంది. సూరి పట్టాలు వేస్తే, పద్నాలుగు స్టేషన్లూ ఆ పిల్ల గీసింది. పోయిన వేసవిలో వచ్చి రెండు రోజులు నా గదిలోనే పడుకుంది. సంచిలో దర్జీ టేపు ఉంది. ప్రతి స్టేషన్లో దిగి బెంచీలు కొలిచిందట. ఆలేరు బెంచీకి ఒక కాలు పొట్టి అక్కా, గది సుత పెట్టిన, అని చెప్పింది.

సూరి అన్నాడు, ఆమె హెల్ప్ చేసింది అంతే అప్పా, ఫైల్‌లో థాంక్స్ అని వేశాను, ఇద్దరి పేర్లంటే కంపెనీ వెనక్కి పోతుంది, ఉద్యోగం ఒక్కటే ఉంది, నీకు ఇవి తెలీవు.

తెలీవు. అన్నం వడ్డించాను.


30 సెప్టెంబర్, శనివారం

గట్టిగా అడగాలా, వద్దా? వీణ్ణి పెంచింది నేను.


2 అక్టోబర్, దసరా

ఆయుధపూజలో సూరి కంప్యూటర్ పెట్టాడు. మౌస్‌కి కూడా బొట్టు. లోవ నవ్వలేదు ఈసారి, తనే పసుపు రాసింది. కాగితాలు అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, విజయ ముహూర్తం దాటకుండా సంతకం పెట్టేయ్ అప్పా, అంది.

అమ్మవారి ఎదురుగా అబద్ధానికి సంతకం పెట్టడమా? వాడి ముఖం చూస్తే మానేయడమూ చేతకాలేదు.

సంతకం పెట్టాను. దాని కింద, ఆఫీసులో లేబుల్ సరిగ్గా లేనప్పుడు రాసినట్టే, ఇంగ్లీషులో ఒక వరస రాశాను. స్టేషన్లు గీసినది దేవకృప, కాజీపేట. తేదీ వేశాను. ఎవరూ చూడలేదు. నేనే మడిచి కవర్లో పెట్టాను.

మడిచి పెట్టడం కూడా ఒక రకం దాచడమే. నిజం రాశాను, దొంగలా రాశాను.


9 అక్టోబర్, సోమవారం

విష్ణువర్ధన్ ఫోన్ చేశాడట. దేవకృప ఎవరండీ, అని.

సూరి పార్సెల్ ఆఫీసుకే వచ్చాడు. మూటల మధ్య నిలబడి, నువ్వేనా అప్పా, అన్నాడు. నేనే అన్నాను. మామిడి తాండ్ర పార్సెల్ తూకం వేస్తున్నాను. చేతిలో రాయి చేతిలోనే ఉంది.

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నీ దేవుడి దగ్గర నీకు మార్కులు పడ్డాయిలే, అని వెళ్లిపోయాడు.


11 అక్టోబర్, బుధవారం

బట్టలు సర్దుకుని లోవ ఇంటికి వెళ్లాడు. కంపెనీవాళ్లు ఉద్యోగం లేదన్నారు. గడువు దాటిపోయింది కనుక రూట్ ఎలాగూ తీసేయాలన్నారు. తీసేశాడు.


13 అక్టోబర్, శుక్రవారం

గుడి నుంచి వస్తూ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నాను. అక్కడి అమ్మాయి ఫోరం తెరిచి ఇచ్చింది. తెలుగు తిట్లు ఇంగ్లీషు అక్షరాల్లో. అమ్ముడుపోయాడు అని మొదట రాసినవాడికి అందరూ శభాష్ చెబుతున్నారు. మూడేళ్లు మా చేత టెస్టింగ్ చేయించుకుని అమ్మేశాడు అని ఒకడు. మాదాపూర్‌లో ఫ్లాట్ కూడా కొన్నాడట అని ఇంకొకడు. సైనిక్‌పురిలో మా చెల్లెలి సోఫా మీద పడుకుంటున్నాడు నాయనా.

జవాబు రాద్దామనుకున్నాను. ఎలా రాయాలో తెలీలేదు. లేచి వచ్చాను.


14 అక్టోబర్, శనివారం

దేవకృప ఫోన్ చేసింది. థాంక్స్ చెబుతుందని ఎక్కడో అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

అక్కా, కంపెనీ లెటర్ మా బడికొచ్చింది, అంది. ఫోరంలో గా అడ్రసే ఇచ్చిన. మీ దగ్గరున్న ఫైళ్లన్నీ తీసేయుండ్రి అని లాయర్ రాసిండు. హెడ్ మేడం స్టాఫ్ అందరి ముంగట అడిగింది, ఏం దొంగతనం చేసినవమ్మా అని. నా పేరు మీరే రాసిన్రట. నన్నొక్కమాట అడిగిన్రా అక్కా? సూరన్న నా పేరు తీసేస్తే నేను ఆయన జెర కొట్లాడుకుంటుంటిమి, అది మా కొట్లాట. నడుమ మీరెందుకొచ్చిన్రు? నేను పేరు కోసం చెయ్యలే. మా బాపు కోసం చేసిన.

ఏడుస్తోంది. తప్పయింది తల్లీ, అన్నాను. ఫోన్ పెట్టేసింది.


15 అక్టోబర్, ఆదివారం

కంపెనీ సూరిని అడగలేదు. సూరి దేవకృపని అడగలేదు. నేనూ అడగలేదు. నేను దేవుడి పేరు చెప్పుకుని చేశాను, అదొక్కటే తేడా.


23 అక్టోబర్, సోమవారం

కార్తీకం మొదటి సోమవారం. ఉపవాసం. సెలవు పెట్టి కాజీపేట వెళ్లాను.

దేవకృప తలుపు తీసింది. లోపలికి పొమ్మన్నట్టు చెయ్యి చూపించింది. వాళ్ల నాన్న ఏసురత్నం గారు కంప్యూటర్ ముందు ఉన్నారు. రైలు ఇంజన్ డ్రైవర్‌గా రిటైరయ్యారు. మోకాళ్లు పోయాయి, గది దాటి రారు. కంపెనీ తీసేయమన్న ఫైలు అదే, ఆ స్క్రీన్ మీద. రోజూ పొద్దున సికింద్రాబాద్‌లో బండి తీసి కాజీపేట తెస్తారట. పూర్తిగా రెండు గంటలు.

కూర్చుని చూశాను. ఆయన నాతో మాట్లాడలేదు. డ్యూటీలో మాట్లాడరు. దూరపు సిగ్నల్ కనబడితే మాత్రం, డిస్టెంట్ గ్రీన్, అని గట్టిగా అంటారు. వంటింట్లోంచి దేవకృప, గ్రీన్, అని బదులిస్తుంది. ఇంజన్లో అసిస్టెంటు చెప్పాల్సిన బదులు అది. ఉల్లిపాయలు తరుగుతూనే చెబుతోంది. ఒక్కటీ తప్పలేదు.

ఆలేరులో బండి గీత మీద ఆపారు. బెంచీ కనబడింది. ఒక కాలు పొట్టిగా.

కాజీపేట చేరాక చేతులు తుడుచుకుని నావైపు తిరిగారు. ఎంక్వైరీ మేడమే కదా, మీ గొంతు విని ఎన్నిసార్లు బండి తీసిన్నో, అన్నారు.

దేవకృప అరటిపండు తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు అడుగుతున్నాను తల్లీ, ఆ స్టేషన్లు నీవని నలుగురికీ చెప్పొచ్చా, అన్నాను. మీరు కాదక్కా, అడగాల్సింది సూరన్న, అంది. మరి లాయర్ లెటరో, అంటే, బాపు బండిని ఆపుమను చూద్దాం, అంది. కొంచెం నవ్వింది.


29 అక్టోబర్, ఆదివారం

సైనిక్‌పురి వెళ్లి సూరికి కాజీపేటలో చూసిందంతా చెప్పాను. సిగ్నళ్ల సంగతీ చెప్పాను. గోడ వైపు తిరిగి విన్నాడు. ఆ పిల్ల అడగమన్నది నిన్ను, అని వచ్చేశాను. నేను చేసింది ఒప్పని అనలేదు. వాడూ అనలేదు.


5 నవంబర్, ఆదివారం. పౌర్ణమి

దీపాలు వెలిగిస్తుంటే సూరి సంచితో వచ్చాడు. నాతో మాట్లాడలేదు. తన గదిలోకి వెళ్లి దేవకృపకి ఫోన్ చేశాడు. తలుపు తీసే ఉంది. మొదట చాలాసేపు వినడమే. తర్వాత, రాయనా, అన్నాడు. ఇంకోసారి, రాయనా మరి, అన్నాడు.

ఫోరంలో రాశాడు. స్టేషన్లన్నీ దేవకృపవి, నావని కంపెనీకి రాసిచ్చాను, అందుకే ఉద్యోగం పోయింది, అని. నా సంగతి ఎత్తలేదు.


7 నవంబర్, మంగళవారం

మరి నీకూ కంపెనీకీ తేడా ఏంట్రా, అని ఎవడో రాశాడట. ఆ జవాబు అందరికీ ముందు కనబడేలా పైన పెట్టాడట సూరి. లోవ ఫోన్ చేసి, పిచ్చెక్కిందా వీడికి, అంది.

కంపెనీ స్టేషన్లు వేరేవాళ్ల చేత కొత్తగా గీయిస్తోందట.


19 నవంబర్, ఆదివారం

నలభై రోజుల తర్వాత సూరి నాతో మాట్లాడాడు. కంచం ముందు.

నువ్వు ఆ వరస రాయకుండా ఉంటే, నాకు ఆ ఉద్యోగం వచ్చి ఉంటే, నాకు అన్నం సయించేది కాదంటావా అప్పా, అని అడిగాడు.

సయించేది, అన్నాను.

కూర వేశాను. తిన్నాడు.