పుర్రచేతి గీత

చిరంజీవి చెల్లికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మీ వదిన మోకాలి నొప్పి గురించి అడిగావు. ఇప్పుడు మెట్లెక్కుతోంది, నన్ను తిట్టే ఓపిక కూడా వచ్చింది. నేనూ కులాసాయేనని రాయాలి కనక రాస్తున్నాను.

నాతోపాటు బొమ్మలు వేసే మరచెయ్యి ఎలా ఉందని అడిగావు. దానికేం, దొరలా ఉంది. మీ వదిన దాన్ని కొత్తల్లుడంటుంది. గది చల్లగా ఉండాలి, దుమ్ము పడకూడదు, ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరగాలి. ముఖాలు నేను వేస్తాను, మిగతా బొమ్మంతా అది నింపుతుంది. చూడవచ్చినవాళ్ళు నా వంతు రెండు నిమిషాలు, దాని వంతు అరగంట చూస్తారు. అది నా చేతినే నేర్చుకుందని పత్రికలవాళ్ళు రాస్తే నవ్వుతూ పక్కన నిలబడతాను.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. పన్నెండేళ్ళ తర్వాత కుంచె పట్టి, మీ ఆసుపత్రి మేడ మీద ఆరేసిన దుప్పట్లు వేసి పోటీకి పంపావు. మా మరను చూసి కొట్టిన నకలని వాళ్ళు తిప్పి పంపారు. "అన్నయ్యా, నాకు తెలియకుండానే నీ గీత నా చేతికి అంటుకుందేమో. నిజం చెప్పు, నొచ్చుకోను" అని రాశావు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మర వచ్చిన కొత్తలో, అది నేర్చుకోవడానికి నా బొమ్మలు నూరు దానికి చూపించమన్నారు. చూపిస్తే అది గోడకు సున్నం కొట్టినట్టు వేసింది. మరను బిగించడానికొచ్చిన ఇంజనీరమ్మాయి మర్యాదగా, ఇంకేమైనా ఉన్నాయా అంది. ఉన్నాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు నువ్వు జాగ్రత్త చెయ్యమని ఇచ్చిన నీ బొమ్మల కట్ట, అటక మీద. నావేనని చెప్పి అవి చూపించాను. వారం తిరక్కుండా మరకు ప్రాణం వచ్చింది.

పుర్రచెయ్యి కనక, రంగు చేతికి అంటకుండా నువ్వు కుడి అంచు నుంచి మొదలుపెడతావు. నీ బొమ్మల్లో రంగు మీద రంగు పడిన తీరు పట్టుకుని అదీ అలాగే మొదలుపెట్టింది. ఆ అమ్మాయి నా కుడిచేతి వంక చూసి, ఎందుకలా అంది. చిన్నప్పుడు నాదీ ఎడమచేతి వాటమేననీ, నాన్న కొట్టి మాన్పించాడనీ చెప్పాను. మన మీద ఒక్కనాడూ చెయ్యెత్తని మనిషి.

ఇంకొకటుంది. అది చెప్పలేకే ఇంతసేపూ నీళ్ళు నమిలాను. పోటీవాళ్ళు పేరు కనబడకుండా నీ బొమ్మను నా దగ్గరికే తెచ్చారు. చూడగానే నీదని తెలిసింది. దుప్పటి అంచున ఆ గీత నాకు తెలియదా?

"ఇది మీ మరను చూసి వేసిందేనా?" అన్నారు.

"అవును" అన్నాను.

నిజమంతా రాసి వాళ్ళకీ, ఇంజనీరమ్మాయికీ ఈ ఉత్తరంతోపాటే పోస్టు చేస్తున్నాను. దానివల్ల నీకు ఒరిగేది తక్కువే. నేర్పినదాన్ని మరిపించగలరా అని నిన్న ఆ అమ్మాయిని అడిగాను. కుదరదంది. రేపు కూడా అది నీ గీతే గీస్తుంది. తెలియనివాళ్ళు నువ్వే దాన్ని చూసి వేశావంటారు. నీ చేతిని నీకు తిరిగి ఇవ్వలేనివాణ్ణి, క్షమించమని ఏ మొహం పెట్టుకుని అడగను?

అటక మీది కట్ట పంపుతున్నాను. నీ పేరు చెరిపి నా పేరు రాసుకున్న చోట ఎంత తుడిచినా మరక పోలేదు.

ఇట్లు,
మీ అన్నయ్య.
ఈ సంతకం ఒక్కటే నాది.