పిట్టగోడ లేని డాబా

తార్నాక, సెప్టెంబరు 2011

ప్రియమైన సుధక్కకు,

ఫోన్ చేస్తే మన మొగుళ్లిద్దరూ అందుకొని రాష్ట్రం పంచాయితీ పెట్టుకుంటారని ఉత్తరం రాస్తున్నా. సకల జనుల సమ్మెతో బొగ్గు ఆగింది, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. కింద ఒకటే ఉక్క. నువ్వు అద్దెకిచ్చిన ఇల్లు బంగారం గానీ, ఆ డాబాతోనే నాకు భయం. పై అంతస్తు వేస్తామని చువ్వలు వదిలేసి పిట్టగోడ కట్టకుండా ఆపేశారు. మా ఆయన క్యాంపస్ హాస్టల్ మెస్సులో వంట చేసి అలిసి వచ్చి, చాప పట్టుకొని నేరుగా పైకే పోతున్నాడు. వద్దంటే "గింత ఎత్తుకు ఏమైతదే?" అంటాడు. చిన్న గోడైనా కట్టించక్కా.

నీ చెల్లి,
మహేశ్వరి

కాకినాడ

చెల్లి మహేశ్వరికి,

మీ బావగారితో చెప్పాను. రాష్ట్రం సంగతి తేలితేగానీ అక్కడ ఒక్క ఇటుకా పెట్టనంటున్నారు. కలిసుంటే పై అంతస్తు, విడిపోతే అమ్మకమట. ఇప్పుడు గోడ కడితే రేపు పడగొట్టాలట. బ్యాంకులో అందరికీ సలహాలిచ్చే మనిషి, ఇంట్లో ఎవరి మాటా వినరు. అందాకా ఆ చువ్వలకు తాడు కట్టండి. మీ ఆయన పోచయ్యను అంచుకు దూరంగా పడుకోమను. ఇక్కడ నీలా నవ్వించేవాళ్లు లేక నాకేమీ తోచడం లేదు.

ప్రేమతో,
సుధామయి

కాకినాడ, అక్టోబరు

మహేశ్వరీ,

జవాబు రాయలేదు, అలిగావా? అలగాల్సిందేలే. నీ ఉత్తరం నన్ను నిద్రపోనివ్వలేదు. అమ్మినా సరే, గోడ ఉన్న ఇల్లే అమ్ముదామని మొండికేసి ఆయనతో మాట్లాడటం మానేశాను. చివరికి దిగొచ్చారు. రామంతాపూర్ మేస్త్రీ గట్టయ్య సోమవారం వస్తాడు. నడుమెత్తు గోడ కట్టమన్నాను. ఇక పోచయ్యను హాయిగా పడుకోమను.

నీ అక్క,
సుధ

తార్నాక

ప్రియమైన సుధక్కకు,

అలగలేదు. దవాఖానలో ఉన్నాం. ఫోన్‌లో చెప్పాలంటే నోరు రాలేదు. గట్టయ్య రావడానికి ముందటి గురువారం పొద్దున మా ఆయన డాబా మీద లేచి, దుప్పటి దులుపుతూ వెనక్కి అడుగేశాడు. కట్టిన తాడు మనిషిని ఆపలేదు. కిందపడి కూడా తెలివిలోనే ఉన్నాడు. "కాళ్లు తెలుస్తలేవే" అన్నాడు. మేమంతా ఆగమై, చేతులు కాళ్లు పట్టి లేపి ఆటోలో కూర్చోబెట్టాం. వెన్ను విరిగిన మనిషిని అట్లా ఎత్తొద్దట, కదలకుండా చెక్క పలక మీద తేవాలట. డాక్టరు చెబితే తెలిసింది. ఆ మాటకు చాలా ఏడ్చాను.

నడుము కింద స్పర్శ లేదు. మళ్లీ నడవడం కష్టమన్నారు. నీ మీద కోపం వచ్చింది, అబద్ధమెందుకు. బావ మీద ఇంకా ఉన్నది.

గట్టయ్య వచ్చి "గిప్పుడెందుకమ్మా?" అన్నాడు. కట్టమన్నాను. మేమిక పైకి పోయేది లేదు గానీ, రేపు ఈ ఇంట్లో ఎవరుంటే వాళ్లు పోతారు కదా. గోడ మంచిగానే వచ్చింది.

అక్కా, కాకినాడలో మీరున్న ఇంటి డాబాకు పిట్టగోడ ఉన్నదా? నువ్వు బట్టలు ఆరేయడానికి పైకి పోతావు. లేకపోతే పోకు.

నీ చెల్లి,
మహేశ్వరి