మాటలు కనిపించే కళ్ళద్దాలు

గోల్‌బజార్, ఖరగ్‌పూర్,
12-11-2025.

చిరంజీవి నిఖిలేష్‌కు గాజుల కొట్టు కోటిలింగం తాత ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ మామ్మ కన్యకాంబా క్షేమం. హిజ్లీ హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. మామ్మ చేసిన చేగోడీలు ఈ సంచిలోనే పెట్టాను.

ఫోనులో నాకు వినబడదు. ఎదురుగా చెబుదామంటే నోరు పెగలదు. అందుకే ఉత్తరం.

నీ కాలేజీ ప్రాజెక్టు కోసం తయారుచేసి నువ్విచ్చిన కళ్ళద్దాలు తిరిగి పంపిస్తున్నాను. కోపం కాదు బాబూ. అవి బాగానే పనిచేశాయి. ఎదుటివాళ్ళు బెంగాలీలో మాట్లాడినా అద్దం మీద తెలుగు అక్షరాలు వరసగా వచ్చాయి. మొదటిరోజు చాలా సంబరపడ్డాను. ఇందా పేట నుంచి వచ్చే బెంగాలీ దీదీ ఒకామె ఏళ్ళ తరబడి నా దగ్గరే గాజులు వేయించుకుంటుంది. ఆమె కూతురితో, ఈ చెవిటి దాదా మొహం ఉడకని బంగాళాదుంపలా ఉంటుంది గానీ చెయ్యి మాత్రం వెన్న అని అన్నది. నవ్వాపుకోలేక గాజుల పెట్టెలోకి తల దూర్చాను.

ఒక పొరపాటు చేశాను. అవి మాటలు చూపించే అద్దాలని ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది. మామ్మ అడిగినా, పేపరు చదువుకోవడానికి అన్నాను. మా కొట్లో గాజు ఎక్కేదాకా ఆడవాళ్ళు కష్టసుఖాలు చెప్పుకుంటారు. నాకు వినబడదని వాళ్ళ ధైర్యం. ఆ ధైర్యంతోనే వస్తారేమో కూడా. వాళ్ళ మధ్య కూర్చుని నేను అన్నీ చదివాను.

నిన్న బేరానికి ఇద్దరు వచ్చారు. ఒకామె తన ఒంట్లో బాధ ఒకటి చెప్పింది. ఏమిటో రాయను. రెండో ఆమె, "మీ ఆయనకి సెప్పినావేటి వదినా?" అని అడిగింది. "ఏటని సెప్తాను? నోట్లో నాలిక లేని మనిసి. బెంగెట్టుకుని కూడు మానేస్తారు" అని ఈమె.

అద్దాలు తీసి జేబులో పెట్టేశాను. ఆ మాట నేను చదవవలసింది కాదు.

మాటలన్నీ గొంతులతో సహా నీ కంప్యూటర్లో ఉంటాయని, ఆదివారం కూర్చుని తప్పులు దిద్దుతానని అన్నావు. బాబూ, తెరవకు. వినకుండా చెరిపేయి. నీ చదువుకు నష్టమని తెలుసు. నాకు చెవులివ్వాలనుకున్న పిల్లాడివి, నిన్నే ఇలా అడగవలసి వచ్చింది. ఇకమీదట ఎవరికిచ్చినా, వాళ్ళ ఎదుట కూర్చునే వాళ్ళకు ముందు చెప్పు.

మేలు కోరుతూ,
కోటిలింగం.

తా.క. సంచి తెచ్చే మనిషి దొరక్క ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది. ఇవాళ శుక్రవారం. పైన ఇద్దరం క్షేమమని రాశాను. అది అలవాటు కొద్దీ రాసింది. బేరానికి వచ్చారన్నదీ అబద్ధమే. అడిగింది పక్కింటి హైమవతి. చెప్పింది మీ మామ్మ. నోట్లో నాలుక లేని ఆ మనిషిని నేనే.

నిన్న, నాకే ఛాతీలో మంటగా ఉందని చెప్పి, మామ్మను ఆసుపత్రికి తోడు రమ్మన్నాను. డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కూర్చున్నాం. మామ్మ నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. పెదాలు నాకు అందేలా మెల్లగా కదిపి, "మీకు కాదండీ, ముందు నాకు సూపించాల" అంది. చంక దగ్గర గడ్డ ఉందట. అప్పుడే తెలిసినట్టు చూశాను. నాకు వచ్చిన కన్నీళ్ళు మాత్రం నటన కాదు.

మంగళవారం పరీక్ష చేస్తారు. ఈ సంగతి నీకు రాయమని మామ్మే చెప్పింది. నేను ముందే చదివానని మాత్రం ఆమెకు తెలియకూడదు. ఆదివారం భోజనానికి రా. ఆ మాటలు చెరిపేసి రా.