ఇంట్లో ఆ శోకాలు వద్దు

మల్లీ, అన్నం, గోంగూర పప్పు మూతపెట్టి ఉన్నాయి. కాలేజీ నుంచి రాగానే తిని, గొర్రెపిల్లలకు నీళ్లు పెట్టు.

నాటకం సారుకు వీడియో సాయంత్రం ఆరు లోపల పంపాలన్నావు కదా. తీసుకో, కానీ ఇంట్లో వద్దు. బడి వెనక గోడ దగ్గరికి పోయి తీసుకో. అక్కడ వెలుతురు కూడా మొహం మీద పడుతుంది.

నిన్న నువ్వు వసారాలో ఆ నాటకం కోసం "నాయనా, మమ్మల్ని ఇడిసిపెట్టి పోయినావా" అని శోకాలు పెడుతుంటే గోవిందమ్మత్త పరిగెత్తుకొచ్చి, "ఎవురు పోయినారు వదినా?" అని అడిగింది. చావు లేని ఇంట్లో శోకాలు పెట్టకూడదని నేనంటే నవ్వినావు.

మీ నాయన గొర్రెలు తోలుకొని పెద్దారవీడు పక్క కొండకు పోయి నాలుగు రోజులాయె. ఈ పొద్దున కుక్క ఒక్కటే తిరిగొచ్చింది. ఆయన ఫోన్ కలవడం లేదు. కాటమరాజు మామ బండెక్కి వెతకడానికి పోతున్నా. వీడియో తీసి తీసి నీ ఫోన్లో చార్జింగ్ అయిపోగొట్టబాక. నేను చేస్తే వెంటనే ఎత్తు.

ఇంకో మాట. నిన్న బాగా చేసినావు. నాకూ ఏడుపొచ్చింది, చెప్పలేదు. ఆ మాటల్లో "నాయనా" తీసేసి "అన్నా" అని పెట్టుకో. నీకు అన్నలు లేరు.