తిరగని పడవ

ఆదివారం రాత్రి

ఎవరి పడవ బోల్తా పడినా పోటీ వదిలేసి అందరం అటు తిరగాలని, తెరచాప పడవల క్లబ్ పెట్టిననాడు ధర్మసాగర్ చెరువు ఒడ్డున మాటిచ్చుకున్నాం. పోటీలో నా తమ్ముడు మునిగిపోయిన రోజు, వాడికి అతి దగ్గరలో ఉన్న పడవ తిరగలేదు. గెలుపు గీత దాటింది.

ఇవాళ పిల్లల పోటీలో మడికొండ అమ్మాయి పడవ బోల్తా పడింది. మిగతా పిల్లలంతా ఎదురుగాలిలోనే తెరచాపలు అటూ ఇటూ మళ్లిస్తూ ఆమెను చేరుకున్నారు. ఎవరూ గెలవలేదు.

“పిల్లలు మంచిగ తిరిగిండ్రే అన్నా,” అన్నాడు పక్కన టీ తాగుతున్న ఆనాటి విజేత యాదగిరి.

“మరి ఆనాడు అటు తిరగడానికి నీకు మెడ పట్టిందా?” అన్నాను.

“గాలి ఎదురుండెనే...”

ఇన్నేళ్లూ ఆ సాకును సగమైనా నమ్ముతూ వచ్చాను. ఇవాళ అదీ పోయింది. అంటే తమ్ముడు బతికేవాడే. చదివిన పురాణాల్లో ఎంతటి ద్రోహినైనా క్షమించగలిగాను. ఈ యాదగిరిని మాత్రం...